ఎగదన్ను విద్యుత్తు

నీరు ఎగదన్నుట అన్న మాట కృష్ణా డెల్టావారికి కొత్త కాదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు విజయవాడలోని సింగునగరు వీధులను ముంచినపుడు కృష్ణయు నిండుగా ప్రవహించుచుండెను. మరునాడు ప్రకాశం బారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయినది. బుడమేటి నీటిని కృష్ణలోనికి మళ్ళించు కాలువ వెలగలేరువద్ద మొదలై ఇబ్రహీంపట్నము దగ్గర నదిలో కలియును. నదిమట్టము ఎత్తుగా ఉన్నపుడు ఆ కాలువనీరు ముందుకు పోలేక వెనుకకు తన్నును. పల్లమునకు పారుట నీటి స్వభావమే. అయితే ఏ వైపు పల్లమో తేల్చునది ఆ సమయమునందలి మట్టమే.

విద్యుత్తుకును ఇట్టి స్వభావమే కలదు. వీధి తీగనుండి ఇంటిలోనికి రావలెనే గాని ఇంటినుండి వీధిలోనికి పోరాదన్న కట్టడి తీగకు లేదు. సామాన్యముగా ఈ సంగతి మనకు పట్టదు. ఇంట జనరేటరు పెట్టిననాడు పట్టవలసి వచ్చును.

వరదనీటిలో కరెంటు ఉండరాదు గనుక మునిగిన పేటలకు సరఫరా ఆపివేయుదురు. అట్టివేళ ఒక చిన్న పెట్రోలు జనరేటరు ఎంతో అక్కరకు వచ్చును. ఇన్సులిను ఉంచిన ఫ్రిజ్జి నడచును, ఫోనులు పలుకును, నాలుగు దీపములు వెలుగును. ఇక్కడనే కొందరు ఒక సులువు కనిపెట్టిరి. రెండు కొనలకును ప్లగ్గులున్న వైరుతో జనరేటరును గోడలోని సాకెట్టుకు కలుపుట! ఒక కొన ఊడి చేతికి వచ్చినచో ఆ ప్లగ్గు పుల్లలలోనే 230 వోల్టులుండును. అంతకన్న పెద్ద ముప్పు వీధిలో ఉన్నది. మెయిను స్విచ్చి తీయుట మరచినచో ఆ విద్యుత్తు మీటరు దాటి స్తంభమెక్కి ట్రాన్స్‌ఫార్మరును చేరును.

ఇక చిన్న లెక్క. వీధి ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను తీసికొని తన వద్ద ఒక్కొక్క ఫేజుకు 250 వోల్టులుగా మార్చును. మన యింటికి వచ్చుసరికి అది 230. రెండు చుట్టలలోని చుట్ల నిష్పత్తి 44. ఫారడే 1831లో కనుగొన్న ప్రేరణసూత్రమునకు ఎటునుండి వచ్చినను ఒక్కటే. చిన్న చుట్టకు 230 వోల్టులిచ్చినచో పెద్ద చుట్టలో 230ని 44చే గుణించగా వచ్చు 10,120 వోల్టులు పుట్టును. సరఫరా ఆగినదని తెలిసి, తెగిన తీగను ముడివేయుటకు లైనుమను పట్టుకొనునది ఆ తీగనే.

"రెండు కిలోవాట్ల యంత్రము వీధి యంతటిని మోయగలదా?" అని తెలివైన విద్యార్థి అడుగును. మోయలేదు. ఇరుగుపొరుగు ఇండ్ల భారము మీద పడినచో దాని బ్రేకరు పడిపోవును, లేదా ఇంజను ఆగిపోవును. అయితే తుఫానులో తీగలు ఎక్కడ తెగునో ఎవరికెరుక? మీ యిల్లు, ట్రాన్స్‌ఫార్మరు మాత్రమే ఒక ముక్కలో మిగిలినచో, లేదా చుట్టుపక్కలవారు మెయినులు తీసి ఇండ్లు విడిచిపోయినచో, మోయవలసిన భారమే ఉండదు. గుండెమీదుగా పోవు కొన్ని పదుల మిల్లీ ఆంపియరులు మనిషిని చంపుటకు చాలును. తీగను పరీక్షించి, భూమికి కలిపిన తరువాతనే పనిలో దిగవలెనని లైనుమనుకు నియమమున్నది. వానలో, చీకటిలో, పదిచోట్ల తెగిన లైనుపై పనిచేయువానికి ఆ నియమమొక్కటే కాపు. దానిమీద మన అలసత్వమును కూడ మోపుట న్యాయమా?

దీనికి విరుగుడు ఛేంజ్‌ఓవర్ స్విచ్చి. దాని పిడి ఒకవైపున వీధి కరెంటు, వేరొకవైపున జనరేటరు, నడుమ ఏదియు లేని స్థానము. ఒకదానిని విడువనిదే రెండవది అందదు గనుక ఇక్కడ జ్ఞాపకశక్తితో పనిలేదు. ఫేజును న్యూట్రలును రెండింటిని మార్చు రకమునే కొని, లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచేత పెట్టించవలెను. అది లేని ఇంట గోడ సాకెట్టు జోలికి పోక, జనరేటరుకున్న సాకెట్టునుండి నేరుగా గట్టి వైరు లాగి పరికరములను నడుపుకొనవచ్చును. మేడపై సౌరఫలకములు పెట్టుకొన్నవారు, ఎండ కాయుచున్నను వీధి కరెంటు పోగానే తమ కరెంటును పోవుచున్నదని విసుగుకొనుట వినుచున్నాము. బ్యాటరీ లేకుండ లైనుకు కలిపిన ఇన్వర్టరు తనంతట ఆగునట్లు చేసినది కూడ ఆ స్తంభముపైనున్న మనిషి కొరకే.

స్విచ్చి సరిచేసినను పొగ సంగతి మిగిలియున్నది. 2020 ఆగస్టులో అమెరికాలోని లూసియానా రాష్ట్రమును లారా తుఫాను తాకినపుడు, అక్కడ తొలిదినములలో లెక్కకు వచ్చిన మరణములలో సగమునకు పైగా జనరేటరు పొగవల్లనే కలిగినవి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉండును. రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువునకన్న దీనిని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. దాని అణుభారము 28, గాలిది సగటున 29. అందుచేత అది అడుగున పేరుకొనదు, పైకి లేచి పోదు, గదియంతటను కలిసిపోవును. కిటికీ తెరచితిమి గదా అన్న ధైర్యము పనికిరాదు. యంత్రమును తలుపులకు, కిటికీలకు కనీసము 20 అడుగుల దూరమున, పొగగొట్టము ఇంటికి పెడగా ఉండునట్లు ఆరుబయట నిలుపవలెను. మన అపార్టుమెంట్లలో వానకు తడియునని దీనిని మేడపై మెట్లగదిలో పెట్టు అలవాటున్నది. ఆ మెట్లదారియే పొగకు గొట్టమై అన్ని అంతస్తులకును చేర్చును. నాలుగు వైపుల తెరపియున్న పందిరి చాలును. ఇంటిల్లిపాదికి ఒక్కసారిగా తలనొప్పి, వాంతి వచ్చినట్లు, తల తిరుగుట కలిగినచో ముందు అందరు బయటికి రావలెను. కారణము వెదకుట ఆ తరువాత.

కైకలూరు, కలిదిండి వైపు రొయ్యల చెరువులవద్ద ఈ ముప్పు వేరొక రూపమున ఉన్నది. రాత్రివేళ నీటిలోని నాచు ప్రాణవాయువును విడువదు సరికదా, తానును పీల్చుకొనును. ఏరియేటరులు ఆగినచో కొన్ని గంటలలో రొయ్యలు ఊపిరాడక పైకి తేలును. పెట్టుబడి యంతయు తెల్లవారుసరికి పోవచ్చును. కనుక అక్కడ డీజిలు జనరేటరు తప్పదు, కావలివాడును తప్పడు. వానరాత్రి ఆ కావలివాడు తలుపు మూసికొని యంత్రమున్న పాకలోనే పడుకొనుట మాత్రము తప్పించదగినది. డీజిలు పొగలో ఈ విషవాయువు పెట్రోలు పొగలోకన్న తక్కువే గాని లేకపోలేదు. అతనికి వేరొక పాక వేయించుటకు అగు ఖర్చు ఒక ఏరియేటరు వెలతో పోల్చి చూడవలసినది.

మోటారులు బయలుదేరునపుడు నడచునప్పటికన్న ఐదారు రెట్ల కరెంటు లాగును. అందుచేత వాటిని ఒకదాని వెంట ఒకటిగా వేయవలెను. పెట్రోలు పోయునపుడు ఇంజను ఆపి, చల్లారనిచ్చి పోయవలెను. దాని ఆవిరి గాలికన్న బరువైనది, నేలబారున ప్రాకి వేడి గొట్టమును చేరును. నీటిలో నిలిచి, తడిచేతులతో యంత్రమును ముట్టరాదు. వీధి కరెంటు తిరిగి వచ్చినపుడు ముందు పరికరములన్నిటిని తీసివేసి, జనరేటరును రెండు నిమిషములు ఖాళీగా నడిపి ఆపి, పిడిని నడుమ స్థానము మీదుగా వీధివైపునకు త్రిప్పవలెను. పెట్రోలు కుళాయి కట్టుట అప్పుడే.