బొగ్గుబాయి, మంచినీళ్ల బాయి

మంచిర్యాల జిల్లాలోని నస్పూర్ ప్రాంతంలో నీళ్లు చేదుకొనే బావిని బాయి అంటారు. బొగ్గు త్రవ్వే గనిని కూడ బాయి అనే అంటారు. షిఫ్టుకు బయలుదేరిన కార్మికుడు "బాయికి పోతున్న" అంటాడు. ఇది కేవలం మాటల పొదుపు అనుకోరాదు. భూగర్భ జలం విషయంలో ఈ రెండు బాయిలకు నిజంగానే చుట్టరికం ఉన్నది. అది ఎప్పుడూ సామరస్యమైన చుట్టరికం కాదు.

2016 వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉండిన ఈ ఊరికి దక్షిణాన గోదావరి ప్రవహిస్తున్నది. ఆవలి ఒడ్డున గోదావరిఖని, ఈవలి ఒడ్డున సింగరేణి సంస్థవారి శ్రీరాంపూర్ ఏరియా గనులు ఉన్నవి. 25 నుండి 30 కోట్ల సంవత్సరాల క్రిందట నదులు తెచ్చిపోసిన ఇసుక, వృక్షాల శిథిలాలు ఇక్కడ పొరలు పొరలుగా పేరుకొన్నవి. శిథిలాలు బొగ్గయినవి, ఇసుక ఇసుకరాయి అయినది. ఆ రాతి రేణువుల సందులలో నీరు నిలుస్తుంది. పొలంలోని బావికి ఊటనిచ్చేది, గని కప్పు నుండి కారేది చాలావరకు ఈ నీరే.

గనిలో చేరిన నీటిని పంపులతో తోడకపోతే పని సాగదు. తోడినకొద్దీ చుట్టుపట్ల నీటిమట్టం గని వైపు గరాటువలె వాలుతుంది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. గాజుతొట్టిలో ఇసుక పోసి, నీరు నింపి, అడుగున చిల్లులు గల రెండు గొట్టాలను, ఒకటి లోతుగా, ఒకటి పైపైన గుచ్చవలెను. లోతైన గొట్టంలోని నీటిని పిచికారీతో లాగుతూ ఉంటే, ఎవరూ ముట్టకుండానే రెండవ దానిలో నీరు దిగిపోతుంది. గని ప్రక్కనున్న రైతుకు వేసవిలో ఎదురయ్యేది ఇదే. అతడు అప్పు చేసి బావిని మరి రెండు గజాలు త్రవ్వించినా, నీటిమట్టం అంతకంటె దిగువకు పోయి ఉంటే ఫలితం దక్కదు.

బొగ్గు తీసిన తరువాత మిగిలే ఖాళీ మరొక చిక్కు. మొదట బొగ్గులో దారులు త్రవ్వి, వాటి నడుమ స్తంభాలు విడుస్తారు. పిమ్మట ఆ స్తంభాలను కూడ తీసినప్పుడు కప్పు కూలుతుంది. బీటలు పైకి ప్రాకుతవి. తీసిన పొర మందంలో సగం వరకు కూడ నేల కుంగవచ్చును. చెరువు క్రింద బీట పడితే ఆ నీరు గనిలోకి దిగుతుంది. దీనిని నివారించుటకు ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా ఆ ఖాళీలోకి పంపుతారు. నీరు వడిసిపోగా ఇసుక బిగిసి కప్పును మోస్తుంది. కుంగుట చాలా తగ్గుతుంది.

ఈ ఇసుక ఎక్కడిది? గోదావరిదే. ఒక టన్ను బొగ్గు తీస్తే సుమారు 0.7 ఘనమీటరు ఖాళీ ఏర్పడుతుంది. దానిని నింపుటకు 1.1 టన్ను ఇసుక కావలెను. అనగా పైకి వచ్చే బొగ్గు కంటె లోపలికి పోయే ఇసుకే బరువు! నదిలోని ఇసుక వరదనీటిని పీల్చుకొని, వేసవిలో ఒడ్డు బావులకు ఊటగా ఇస్తుంది. దానిని తరలించి గని మీది బావిని కాపాడితే, ఒడ్డున ఉన్న బావి ఎండవచ్చును. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ వంటి ఆనకట్టలు ఎగువనే ఇసుకను నిలుపుతున్నవి. కావున తీసినంత ఇసుక మరల చేరుతుందన్న ధీమా కూడ లేదు.

ఓపెన్ కాస్టు గనులలో బొగ్గు పైనుండి తొలగించి పోసిన దిబ్బలలో ఇసుకరాయి విస్తారంగా ఉంటుంది. దానిని నలిపి నది ఇసుకకు బదులుగా గనులలో నింపవచ్చును. అయితే అందులోని బంకమట్టి పోవువరకు కడగవలెను. బంకమట్టి ఉంటే నింపినచోట నీరు వడియదు. కడుగుటకు నీరు కావలెను గదా! గని పంపులు రోజూ పైకి తెచ్చి పోసే నీరు అందుకు చాలును.