ఎడమ భుజం వెనక మీట

'ఆక్టోపస్సీ' చూశారా? 1983లో వచ్చిన జేమ్స్‌బాండ్ సినిమా. మన ఉదయపూర్‌లో తీశారనీ, మద్రాసు టెన్నిస్ కుర్రాడు విజయ్ అమృత్‌రాజ్ వేషం వేశాడనీ, కబీర్ బేడీ తలపాగా చుట్టి విలన్ పక్కన నిలబడ్డాడనీ అప్పట్లో మా కాలేజీలో ఒకటే గోల. సికిందరాబాదులో ఇంగ్లీషు సినిమాలాడే హాల్లో మా పెద్దన్నయ్యా నేనూ తెరకి దగ్గరగా కూర్చుని, మెడలు పైకెత్తి మరీ చూశాం.

పేర్లు పడకముందే ఒక బుల్లి విమానం వస్తుంది. గుర్రాల్ని తరలించే బండిలో, ఉత్తుత్తి గుర్రం వెనక దాక్కుని ఉంటుంది. రోజర్ మూర్ అందులో దూరి ఎగిరిపోతాడు. క్షిపణి వెంటపడితే, విమానాల షెడ్డులో ఈ తలుపులోంచి దూరి ఆ తలుపులోంచి బైటపడతాడు. చివర్లో పెట్రోలు అయిపోతుంది. అయితేనేం? దర్జాగా రోడ్డుమీద దిగి, బంకులోకి నడుపుకుంటూ వెళ్లి, ట్యాంకు నింపమంటాడు. ఇంక చూడండి, హాలంతా ఈలలే!

ఆ విమానం బొమ్మ అనుకునేరు, కాదు. దాని మూలం బిడి-5. 'ఇంట్లోనే కట్టుకోండి' అంటూ అమెరికాలో జిమ్ బీడీ అనే ఇంజనీరు 1970లలో విడిభాగాలుగా అమ్మజూపిన విమానం. (ఈ బీడీ వేరు, మన కబీర్ బేడీ వేరు!) వెనక ప్రొపెల్లరుతో నడవాల్సిన దానికి చిన్న జెట్ ఇంజను బిగిస్తే బిడి-5జె అయింది. రెక్కల ఈ చివరినుంచి ఆ చివరికి 17 అడుగులే. సినిమాలో ఆకాశం మీద దాన్ని నడిపింది కార్కీ ఫార్నాఫ్ అనే విన్యాసాల పైలట్. షెడ్డు లోపలి షాటు మాత్రం ట్రిక్కు. పాత జాగ్వార్ కారుకి టాపు తీసేసి, స్టీలు స్తంభం నిలబెట్టి, దానిమీద విమానాన్ని కూర్చోబెట్టి కారు తోలారు. బీడీగారికి డబ్బు కట్టి ఇంజను కోసం ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసినవాళ్లున్నారు. అది వేరే కథ.

నేను చెప్పబోయేది ఇంకో ఇంటి విమానం గురించి. అందులో కూర్చున్నవాడు కూడా మన లోకం మనిషే. పాటగాడు, సినిమా నటుడు. జాన్ డెన్వర్!

'టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్' పాడిన డెన్వర్ క్యాసెట్టు మా గదిలో అరిగి అరిగి చివరికి టేపు చుట్టుకుపోయింది. 1977లో 'ఓ, గాడ్!' సినిమాలో, దేవుడు కనిపిస్తే ఎవరూ నమ్మని అమాయకుడిగా వేశాడు. తండ్రి అమెరికా వైమానిక దళంలో పైలట్. కొడుక్కీ ఆ పిచ్చే అంటుకుంది. రెండువేల ఏడొందల గంటలకి పైగా విమానాలు నడిపిన అనుభవం ఉంది డెన్వర్‌కి. అంటే సరదాకి స్టీరింగు పట్టుకునే స్టారు కాదన్నమాట.

ఆయన చివరగా కొన్నది లాంగ్-ఈజెడ్ అనే రకం విమానం. గీసినవాడు బర్ట్ రుటాన్. 1986లో ఎక్కడా ఆగకుండా, పెట్రోలు పోయించుకోకుండా భూమిని చుట్టొచ్చిన వాయేజర్‌ని రూపొందించింది కూడా ఈయనే. లాంగ్-ఈజెడ్ నక్షాలు 1980 నుంచి 1985 దాకా అమ్మారు. మీరు కొనేది కాగితాలే! ఆ తరవాత థర్మోకోల్ లాంటి ఫోము దిమ్మలు తెచ్చుకుని, కరెంటుతో వేడెక్కిన తీగతో రెక్క ఆకారంలో కోసుకోవాలి. దానిమీద ఫైబర్ గ్లాసు గుడ్డ పరిచి, రెసిన్ పూసి, ఆరనిచ్చి, మళ్లీ పరిచి, ఆపైన చేతులు పడిపోయేదాకా రుద్దాలి. తయారయ్యాక చూస్తే విమానం వెనక్కి నడుస్తోందా అనిపిస్తుంది. చిన్న రెక్క ముందు, పెద్ద రెక్కా ఇంజనూ వెనక. ముందు చక్రం మడిచి నిలబెడితే ముక్కు నేలకానించి, గుళ్లో సాష్టాంగపడ్డ భక్తుడిలా ఉంటుంది.

అమెరికా చట్టం ప్రకారం పనిలో సగానికి పైగా సొంతంగా చేసుకుంటే అది 'ఎక్స్‌పెరిమెంటల్' విమానం. ఆ ముక్క దానిమీద రాసి ఉండాలి. ఇక మార్పులంటారా, కట్టేవాడి ఇష్టం. నక్షాలో ఉన్నట్టే కట్టాలనే నిర్బంధం లేదు. ఇంటికి ప్లాను గీయించి, కట్టేటప్పుడు వంటగదిని అటు జరిపేవాళ్లని మనం చూడలేదూ? అలాగే.

డెన్వర్ కొన్న విమానాన్ని కట్టినాయన రెండు పెద్ద మార్పులు చేశాడు. నక్షాలో 115 హార్స్‌పవర్ ఇంజనుంటే, 150 హార్స్‌పవర్‌ది బిగించాడు. రెండోదే అసలైంది. లాంగ్-ఈజెడ్‌లో రెక్కల మొదట్లో కుడికొకటి, ఎడమకొకటి పెట్రోలు ట్యాంకులుంటాయి. ఒకసారికి ఒకదాంట్లోంచే ఇంజనుకి అందుతుంది. అది అయిపోతే మీట తిప్పి రెండోది కలపాలి. రుటాన్ ఆ మీటని పైలట్ కాళ్ల మధ్య పెట్టాడు. ఈయన, కూర్చునే చోట పెట్రోలు గొట్టాలు ఉండకూడదనుకున్నాడు. ఆలోచన మంచిదే, నిప్పు భయం ఎవరికుండదు? అందుకని మీటని పైలట్ ఎడమ భుజం వెనకాల గోడకి పెట్టేశాడు.

ఇక్కడ నాకు మా పెద్దన్నయ్య బజాజ్ చేతక్ గుర్తొస్తుంది. సీటు కింద, మోకాళ్ల మధ్య పెట్రోలు నాబ్. ఓసారి సికిందరాబాదు క్లాక్ టవరు దగ్గర వెనకనుంచి ఆర్టీసీ బస్సు హారను కొడుతుంటే బండి గుక్కపట్టింది. అన్నయ్య కళ్లు రోడ్డుమీదనుంచి తిప్పలేదు. చెయ్యి దానంతటదే కిందికెళ్లి రిజర్వుకి తిప్పేసింది. బండి అందుకుంది. ఆ నాబ్ వెనక స్టెపినీ పక్కనుంటే? నేనైతే వెనక సీట్లోంచి ఈ వ్యాసం రాయడానికి మిగిలేవాణ్ణి కాదేమో.

విమానం డెన్వర్ చేతికి అందింది 1997 అక్టోబరు 11న. అరగంట సేపు వేరే పైలట్ దగ్గర దాని మెళకువలు తెలుసుకుని, కాలిఫోర్నియాలోని మాంటెరేకి తెచ్చుకున్నాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ ఎగరాలనుకున్నాడు. మీట అందడం లేదు. అక్కడి మెకానిక్కుతో మాట్లాడాడు. పట్టకారు తగిలించి పిడి పొడుగు చేద్దామని చూశారు, కుదర్లేదు. పెట్రోలెంతుందో చూపించే గాజు గీటురాళ్లు కూడా వెనకే ఉన్నాయి. భుజం మీదుగా చూసుకోమని మెకానిక్కు ఒక అద్దం ఇచ్చాడు. పెట్రోలు పోయించుకోమంటే డెన్వర్ వద్దన్నాడు. ఓ గంటసేపే తిరుగుతానన్నాడు. మీట తిప్పాల్సొస్తే విమానాన్ని ఆటోపైలట్‌కి అప్పగిస్తానన్నాడు.

మూడుసార్లు రన్‌వే మీద దిగీ దిగకుండా లేచి సాధన చేసి, సముద్రం మీదికి వెళ్లాడు. ఒడ్డున ఉన్నవాళ్లకి ఇంజను టపటపమన్న శబ్దం వినిపించింది. విమానం ఒరిగి, ముక్కు కిందికి పెట్టి నీళ్లలో పడిపోయింది. అప్పుడాయన వయసు 53.

ప్రమాదాల దర్యాప్తు సంస్థ మనుషులు ఆ మీటని తామే తిప్పి చూశారు. ముందు స్టిక్కు మీంచి కుడిచెయ్యి తీసెయ్యాలి. భుజాల మీద బెల్టు వదులు చెయ్యాలి. ఒళ్లంతా ఎడమకి తొంభై డిగ్రీలు తిరగాలి. అప్పుడు మీట అందుతుంది. ఆ తిరగడంలో ఒక తమాషా జరిగింది. తమాషా అనకూడదేమో. ఒళ్లు అటు తిరిగేటప్పుడు ఊతం కోసం కుడికాలు దానంతటదే రడ్డర్ పెడలుని తొక్కేసింది. కూర్చున్న ప్రతివాడికీ అంతే! కిందకి ఎత్తు లేనప్పుడు ఆ తొక్కుడు చాలు, విమానం ఒరిగి తలకిందులవడానికి.

1999లో నివేదిక వచ్చింది. తప్పు మొదట డెన్వర్ మీదే పెట్టారు. పెట్రోలు పోయించుకోలేదు, ధ్యాస మళ్లింది, కాలు నొక్కాడు. ఆ తరవాత కట్టినాయన పేరు చెప్పకుండా ఆయన పనినీ రాశారు. మీట అందని చోట పెట్టడం, దానిమీద ఏ వైపు ఏ ట్యాంకో గుర్తు లేకపోవడం, గాజు మీద కొలతలు లేకపోవడం. నా మటుకు నాకు, బంకు దగ్గర వద్దన్న మాట ఎంత పొరపాటో ఆ మీటని జరిపిన రోజూ అంతే పొరపాటు. అయితే జరిపినవాడికి అది ఎక్కడుందో చెయ్యి ఎరుగుదును. కొత్తగా కొన్నవాడి చెయ్యికి ఒక్కరోజే అలవాటు.

మొన్నీమధ్య టీవీలో 'ఆక్టోపస్సీ' వేశారు. బంకు సీను రాగానే మా అన్నయ్య ఎప్పట్లాగే పకపకా నవ్వాడు. నేను మాత్రం రోజర్ మూర్ మోకాళ్ల దగ్గర పెట్రోలు మీట ఉందేమోనని కళ్లు చిట్లించి చూస్తున్నాను. కనబడలేదు.