నాలుగు అంకెలకు నాలుగు పేర్లు

ఆపిల్ సంస్థ 2014 జూన్‌లో స్విఫ్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషను ప్రకటించేనాటికి, ఐఫోన్ తెర మీద బటన్‌నో బొమ్మనో అమర్చడానికి కావలసిన సరంజామా అంతా సీ, ఆబ్జెక్టివ్-సీ భాషల్లో సిద్ధమై ఉన్నందున, కొత్త భాష ఆ సామగ్రితో పాటు దాని అలవాట్లను కూడా వారసత్వంగా అందుకుంది. సీజీరెక్ట్‌మేక్ వంటి సహాయక ఫంక్షన్లు అలా వచ్చినవే.

తెర మీది దీర్ఘచతురస్రాన్ని నిర్ణయించడానికి ఎడమ నుంచి దూరం, పై నుంచి దూరం, వెడల్పు, ఎత్తు అనే నాలుగు సంఖ్యలు కావాలి. ఇలాంటి సంఖ్యలను ఒక మూటగా కట్టే ఏర్పాటును సీ భాషలో స్ట్రక్చర్ అంటారు. అయితే 1999 నాటి ప్రమాణానికి ముందు ఆ మూటను అప్పటికప్పుడు కూర్చి మరో ఫంక్షన్‌కు నేరుగా అందించే వీలు లేదు కనుక, ఆ పని చేసిపెట్టే సీజీరెక్ట్‌మేక్ వంటి చిన్న ఫంక్షన్‌ను విడిగా రాసుకోవడం ఆనాటికి చక్కని ఉపాయమే.

స్విఫ్ట్‌లో ఆ లోటు లేదు. ఒక విలువ పుట్టేటప్పుడే దాని భాగాలన్నిటినీ నింపే ఇనిషియలైజర్ ఆ రకంలోనే భాగంగా ఉంటుంది. సీజీరెక్ట్‌మేక్‌కు 20, 40, 300, 44 అని ఇవ్వబోయి చివరి రెండూ తారుమారు చేస్తే, అన్నీ ఒకే రకం సంఖ్యలు గనుక కంపైలర్ అభ్యంతరం చెప్పదు. అడ్డంగా ఉండవలసిన బటన్ తెర మీద నిలువు స్తంభంలా నిలబడ్డాకే పొరపాటు బయటపడుతుంది. ఇనిషియలైజర్‌లోనైతే ఎక్స్, వై, విడ్త్, హైట్ అని ప్రతి సంఖ్య ముందూ దాని పేరు రాయాలి కాబట్టి, ఆరు నెలల తరువాత ఆ కోడ్ చదివేవారికి కూడా ఏది వెడల్పో వెతుక్కునే పని ఉండదు. 2016లో స్విఫ్ట్ 3 సీజీరెక్ట్‌మేక్‌ను వాడుక నుంచి తొలగించడం పాత కోడ్ ఉన్నవారికి శ్రమ కలిగించినా, సరైన నిర్ణయమే.

వాక్యంలో ఒక భాగాన్ని సూచించే ఎన్ఎస్‌రేంజ్‌ను ఇలాగే కూర్చిపెట్టే ఎన్ఎస్‌మేక్‌రేంజ్ మాత్రం ఇంకా మిగిలి ఉంది. దానికి 5, 10 ఇస్తే ‘5 నుంచి 10 వరకు’ అనిపిస్తుంది కానీ, నిజానికి 5వ స్థానం నుంచి 10 ప్రమాణాల పొడవు అని అర్థం. పైగా ఈ లెక్క కంటికి కనిపించే అక్షరాలది కాదు, యూటీఎఫ్-16 అనే సంకేత పద్ధతిలోని ప్రమాణాలది. తెలుగులో ‘స్త్రీ’ చూపుకు ఒక్క అక్షరమే అయినా, హల్లులు, పొల్లులు, గుడిదీర్ఘం కలిపి ఆ లెక్కలో 6 అవుతుంది. దానికి పొడవు 1 అని రాసినవారి కోడ్ ‘స’ దగ్గరే ఆగిపోతుంది. వాక్యాన్నీ, అందులో కావలసిన భాగాన్నీ కలిపి ఎన్ఎస్‌రేంజ్ ఇనిషియలైజర్‌కు అప్పగిస్తే, ఆ 6ను అదే లెక్కగట్టుకుంటుంది.