గోధుమ పడని ప్రేవు: లోపల చూచి తెలిసికొను విధము

గోధుమపిండి ముద్దను నీటిలో పిసికి కడిగినచో గంజి కొట్టుకొనిపోయి చేతిలో జిగురుముద్ద యొకటి మిగులును. చపాతీని సాగనిచ్చు నీ మాంసకృత్తునకే గ్లూటెన్ అని పేరు. ఇట్టివి బార్లీ, రై ధాన్యములందును గలవు. పుట్టుకతో ఆ గుణము వచ్చిన కొందఱు దీనిని తినినప్పుడు, శరీరమును కాపాడవలసిన శక్తియే చిన్నప్రేవును గాయపఱచును. ఇదియే సీలియాక్ వ్యాధి.

చిన్నప్రేవు లోపలిపొరపై మఖమలు నూగువంటి మొలకలుండును. ఆహారసారమును పీల్చునవి యవియే. అవి అణగిపోయినచో ఎంత తినినను ఒంటబట్టదు. విరేచనములు కలుగును, పిల్లలు ఎదుగరు. కొందఱికి రక్తహీనత యొక్కటియే కనబడును, ఇనుపమాత్రలు మ్రింగినను తగ్గదు.

లండనులో శామ్యూల్ గీ 1888లోనే యీ రోగమును వర్ణించెను. దోషము గోధుమదని హాలండు వైద్యుడు విల్లెం డికె 1950లో వెల్లడించెను. 1944–45 నాటి కఱవులో రొట్టెలేని పిల్లలు కోలుకొనుట ఆయన యనుమానమును బలపఱచెను.

మొదట రక్తపరీక్ష చేయుదురు. అందు అనుమానము కలిగినచో ఎండోస్కోపీ. కొన్ని గంటలు పరగడుపున నుంచి, గొంతు తిమ్మిరిచేసియో మత్తిచ్చియో, కొనయందు కెమెరాగల సన్నని మెత్తని గొట్టమును నోటినుండి కడుపు దాటించి చిన్నప్రేవు మొదటిభాగమునకు పంపుదురు. ఊపిరికి అడ్డము లేదు. కంటికి ప్రేవు బాగున్నట్లే కనబడవచ్చును గనుక చిన్న పట్టుకారుతో కణికలు తీసి సూక్ష్మదర్శినితో చూతురు. ఇందు నొప్పి తెలియదు. మన్ను పరీక్షకు పొలమున నొక్కచోటనే త్రవ్వరాదని మేము చెప్పుచుందుము గదా. ప్రేవునందును గాయము అచ్చటచ్చటనే యుండవచ్చును. కావున మొదటి ఉబ్బునుండి ఒకటి రెండు, దాని దిగువనుండి నాలుగు కణికలైనను తీయవలెను. రక్తపరీక్షఫలము మిక్కిలి హెచ్చుగానున్న పిల్లలకు కొన్నియెడల గొట్టమక్కఱలేకయే నిపుణులు నిశ్చయింతురు.

మా గట్టి హెచ్చరిక యొకటి: పరీక్షకు ముందు గోధుమ మానరాదు. మానినచో ప్రేవు మానును, రక్తమును తేటపడును, రోగము దాగిపోవును. కనీసము ఆఱు వారములు దినమున ఒకపూటకు మించి గోధుమ తినుచుండవలెనని వైద్యుల నియమము. మిక్కిలి బాధపడువారు వైద్యునడిగి నడచుకొనవలెను.

వ్యాధి నిశ్చయమైనవారు జీవితాంతము గోధుమ విడువవలెను. రవ్వ, సేమియాలును గోధుమవే. బజారు ఇంగువలోను పిండి కలియుట కలదు! వరి, జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ నిర్భయముగా తినవచ్చును. అయితే గోధుమలాడిన మరలోనే జొన్నలాడించినచో ఆ పిండి వీరికి పనికిరాదు. అట్టివారింట తిరుగలిని వేఱుగా నుంచుకొనుట మేలు.