తడి అట్ట చల్లబరిచే ఇల్లు

“సార్, గ్రీన్‌హౌసు చలిదేశాలోళ్లకు గదా? కర్నూల్లో ఎండాకాలం మనుషులే నీడకు ఉరుకుతాంటే, మొక్కల్ని తీసకపోయి ప్లాస్టిక్ ఇంట్లో పెట్టేదేంది?”

తరగతిలో ఒక పిల్లవాడు అడిగిన ఈ ప్రశ్నకు ఒక్క మాటలో బదులు చెప్పలేం. చలిదేశాల విశ్వవిద్యాలయాల్లో ఒకే బాయిలరు నుంచి వేడినీళ్లో ఆవిరో భూమిలోపలి పైపుల గుండా హాస్టళ్లకూ ల్యాబులకూ గాజిళ్లకూ పోతుంది. 1877లో న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్‌లో బర్డ్‌సిల్ హాలీ మొదలుపెట్టిన పద్ధతి అది. కర్నూలు, కడపల్లో బాయిలరు నెత్తిమీదే ఉంది. ఇక్కడ గ్రీన్‌హౌస్ పని వేడిని తెచ్చుకోవడం కాదు, వదిలించుకోవడం.

అయినా మూసిన ఇల్లు ఎందుకంటే, శనగను చూడండి. కర్నూలు నల్లరేగళ్లలో బాగా పాకిన జేజీ 11 రకం ఇక్రిశాట్, జబల్పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చినది. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 మన నంద్యాల పరిశోధన స్థానంలో పుట్టింది. 1906 నుంచి నడుస్తున్న స్థానం అది. పొలంలో శనగ రబీకి ఒక్కసారే వస్తుంది. ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చుబడి పూత రాలుతుంది. కొత్త రకం బయటికి రావాలంటే తరాలకు తరాలు దాటాలి. వేసవిలో కూడా పూత నిలిపే చల్లని ఇల్లుంటే ఏడాదికి ఒకటికి మించి తరాలు తీయొచ్చు.

ఆ చల్లదనాన్ని తెచ్చేది ముడతల అట్ట. ప్లాస్టిక్ ఇంట్లో, అంటే పాలీహౌస్‌లో, ఒక గోడంతా దాన్నే నిలబెడతారు. పై గొట్టంలోంచి నీళ్లు దానిమీదుగా జారి, కింది తొట్టిలో పడి, పంపు ద్వారా మళ్లీ పైకి వెళ్తాయి. ఎదురు గోడకు పెద్ద ఫ్యాన్లుంటాయి. అవి లోపలి గాలిని బయటికి లాగేస్తాయి. లోపల ఒత్తిడి కాస్త తగ్గడంతో బయటి గాలి తడి అట్టను దాటుకుని లోపలికి రావాల్సి వస్తుంది. తలుపు తెరిచి వదిలేస్తే గాలి ఆ దారే పడుతుంది. అట్ట తడిగానే ఉంటుంది, ఇల్లు మాత్రం చల్లబడదు.

ఒక లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలి నుంచి దాదాపు 2,430 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటుంది. కరెంటు లెక్కలో చెబితే యూనిట్‌లో మూడింట రెండొంతులు. ఈ వేడి ఎక్కడికీ పోదు. నీటి ఆవిరిలో గుప్తోష్ణంగా దాక్కుంటుంది. గాలిలో మొత్తం శక్తి దాదాపు మారదు, మొక్కకు తగిలే వేడి మాత్రం తగ్గిపోతుంది. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇదే.

ఎంతవరకు తగ్గుతుందో తడి బల్బు ఉష్ణోగ్రత చెబుతుంది. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి ఆడిస్తే పాదరసం ఎక్కడ ఆగుతుందో అదే హద్దు. మే నెల మధ్యాహ్నం బయట 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. హద్దు 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. మంచి అట్ట ఆ తేడాలో 80 శాతం దించగలదు. అంటే లోపలికి వచ్చే గాలి సుమారు 28 డిగ్రీలు. అదే కోస్తాలో 38 డిగ్రీలు, తేమ 60 శాతం ఉన్న రోజున హద్దే 31, అట్ట దించేది ఐదారు డిగ్రీలే. రాయలసీమను ఏడిపించే పొడిగాలే ఈ యంత్రానికి ఇంధనం.

అట్ట కట్టుబడి కూడా గట్టి ఆలోచనే. రసాయన జిగురు పట్టించిన కాగితం పొరలు. ఒక పొర ముడతలు ఒకవైపు వాలితే, పక్క పొరవి ఎదురు వైపు వాలుతాయి. గాలి, నీరు అడుగడుగునా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. నాలుగంగుళాల మందంలోనే తడి ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ ఎదురుముడతల అట్టకు స్వీడన్‌కు చెందిన కార్ల్ మున్టర్స్ పేరు ముడిపడి ఉంది. 1922లో స్టాక్‌హోమ్‌లో విద్యార్థిగా ఉండగానే బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్‌తో కలిసి, కదిలే భాగం ఒక్కటీ లేకుండా మంటతో నడిచే ఫ్రిజ్ చేసినవాడు ఆయన. నిప్పుతో చల్లబరిచిన మనిషే తర్వాత కాగితంతోనూ చల్లబరిచాడు.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను. కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కట్టి తడపడం మనకు పాత అలవాటే. 1930లలో అరిజోనా ఎడారి ఇళ్లకు కూలర్లు వచ్చాయి. 1948లో కెంటకీ విశ్వవిద్యాలయంలో ఎమెరీ ఎమర్ట్ గాజు బదులు పల్చటి ఫిల్ముతో గ్రీన్‌హౌస్ కట్టి ఖర్చు దించాడు. ఇవన్నీ కలిసి ఈనాటి పాలీహౌస్ అయ్యాయి.

ఏసీతో పోటీ పెట్టి చూద్దాం. 100 చదరపు మీటర్ల ఇంట్లోకి మధ్యాహ్నం 50 కిలోవాట్ల ఎండ దిగిందనుకుంటే, దాన్ని తోడెయ్యడానికి ఏసీకి 15 కిలోవాట్లకు పైగా కరెంటు కావాలి. ఫ్యాన్, పంపు కలిపి ఒకటిన్నర కిలోవాట్‌లోపే సరిపోతుంది. కానీ గంటకు వంద లీటర్లకు పైగా నీరు ఆవిరైపోతుంది. నీటి కరువున్న సీమలో ఇది చిన్న ఖర్చు కాదు. పైగా బోరునీళ్ల ఉప్పు అట్టలో పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. తొట్టి నీళ్లు కొంచెం కొంచెం పారబోస్తూ ఉండాలి.

ఇంకో చిక్కు, అట్ట దగ్గర 28 ఉన్న గాలి ఫ్యాన్ చేరేసరికి 33 అవుతుంది. ప్రయోగం చేసేవాళ్లు కుండీల చోటు మారుస్తూ ఉండకపోతే రకాల తేడా ఏదో, చోటు తేడా ఏదో తెలీదు. అయితే బయటికి పోయే ఆ 33 డిగ్రీల గాలి బయటి 42 కన్నా చల్లనే కదా! ల్యాబు ఏసీల బయటి యూనిట్లను ఆ ఫ్యాన్ల ఎదుట పెడితే వాటి కరెంటు కొంత తగ్గుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయం 2000 నుంచి కయూగా సరస్సు లోతునీటితో క్యాంపస్ భవనాలను ఉమ్మడిగా చల్లబరుస్తోంది. మనకు అలాంటి సరస్సు లేదు, పొడిగాలి ఉంది. ఉమ్మడిగా పంచుకోవాల్సింది దాన్నే.

నీటికీ దారుంది. కర్నూలు ప్రాంతంలో ఏడాదికి సుమారు 650 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద అది 65,000 లీటర్లు, ఉప్పులేని నీరు. రోజుకు ఎనిమిది గంటలు నడిపినా, వృథా పోను రెండు నెలలకు వస్తుంది. కాబట్టి కర్నూలు, కడప క్యాంపస్‌లలో గ్రీన్‌హౌస్ ప్లాను గీసేవాళ్లకు నా విన్నపం: ఇనుప చట్రానికి ముందు వాననీటి తొట్టికి టెండరు పిలవండి.