‘పక్కా’ ఎవరి మాట?

మరమగ్గముల నడుమ పెరుగు కాల్హేరు పిల్లలకు ‘పక్కా రంగు’ కొత్త మాట కాదు. అయినను ‘పక్కా’ మరాఠీ మాట యని తెలుగు వ్యాసములలో దానిని కొట్టివేయువారు కలరు. అది తొందరపాటని మా యభిప్రాయము. సంస్కృతమున ‘పక్వ’ మనగా వండినది, పండినది. అదియే హిందీలో ‘పక్కా’ యై, మరాఠీకిని తెలుగునకును వచ్చి, 17వ శతాబ్దమున ఆంగ్లేయుల నోటను బడినది. 1886 నాటి ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో పక్కా యిల్లు, పక్కా ఉద్యోగము, పక్కా తూకము మాత్రమే కాదు, ప్రమాదకరమైన ‘పక్కా జ్వరము’ కూడ కలదు! ఉతికినను వెలియనిది పక్కా రంగని అందే వ్రాయబడినది. నేటి ఇంగ్లండులో ‘అసలైన’, ‘బహు చక్కని’ యనుటకు ఇది వాడుక మాట. వ్రాయునపుడు మాత్రము దీర్ఘము మరువరాదు: పక్క యిల్లు పొరుగువారిది; పక్కా యిల్లు ఇటుకలది.