నేల మీంచి లేవగలరా?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ముందుగా ఒక చిన్న ప్రశ్న. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాళ్ళు, చెయ్యి ఆనించకుండా, గోడ పట్టుకోకుండా లేవగలరా? "ఓస్, అదెంత పని!" అనుకుంటున్నారు కదూ? నేనూ అలాగే అనుకున్నాను. మొన్నామధ్య దేవుడి దగ్గర కూర్చుని లేవబోతే, నా కుడిచెయ్యి నన్నడక్కుండానే నేలకి ఆనింది. నాకింకా నలభై ఆరేళ్ళే!

ఇవాళ మన ఒంట్లోని కండరాల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. నేను డాక్టర్ని కాను, పదో తరగతితో చదువు ఆపినదాన్ని. అయినా ఈ విషయం పట్టుదలగా తెలుసుకున్నాను. ఎందుకు తెలుసుకోవలసి వచ్చిందో ముందు చెబుతాను.

రెండేళ్ళ కిందట మా అత్తయ్యగారికి విషజ్వరం వచ్చింది. ఆవిడకి అప్పటికి డెబ్భై రెండేళ్ళు. వారం రోజులకి జ్వరం తగ్గింది. "నీరసంగా ఉన్నారు, మీరు కదలకండి" అని కాఫీ, టిఫిను, భోజనం అన్నీ మంచం దగ్గరికే అందించాను. మంచినీళ్ళ గ్లాసు కూడా ఆవిణ్ణి తీసుకోనివ్వలేదు. చూసినవాళ్ళందరూ "కోడలంటే అలా ఉండాలి" అన్నారు. నేనూ పొంగిపోయాను. నెల తిరిగేసరికి ఆవిడ కుర్చీలోంచి తనంతట తాను లేవలేకపోయారు. పరీక్షలన్నీ చేయించాం. ఏ జబ్బూ కనబడలేదు. చివరికి ఇంటికొచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి ఆవిడ తొడ మీద చెయ్యేసి చూసి, "ఆంటీ, మామ్మగారికి జబ్బేం లేదు. కండ కరిగిపోయింది, అంతే" అంది.

ఆ కండ నా సేవ వల్లే కరిగిందని అర్థమయ్యాక రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు.

సరే, కండ అంటే ఏమిటి? మన శరీరంలో కండరాలు మూడు రకాలు. మొదటి రకం ఎముకల్ని అంటిపెట్టుకుని ఉండేవి. మనం చెప్పినట్టు వింటాయి గనక వీటిని నియంత్రిత కండరాలు అంటారు. ఇవి ఆరువందలకు పైగా ఉన్నాయి. ముగ్గు వెయ్యడానికి, మెట్లెక్కడానికి, నవ్వడానికి, ఇప్పుడు నేను మాట్లాడడానికి పనికొచ్చేవి ఇవే. రెండో రకం మన మాట వినవు, వాటి పని అవి చేసుకుపోతాయి. పేగులు, రక్తనాళాలు, మూత్రాశయం, గర్భసంచి, వీటి గోడల్లో ఉంటాయి. కాన్పు నొప్పులు పడ్డ ప్రతి తల్లికీ వీటి బలం ఎంతటిదో తెలుసు. మూడోది గుండె కండరం. తల్లి కడుపులో మూడు నాలుగు వారాల పిండంగా ఉన్నప్పుడే మొదలుపెట్టి, రోజుకి సుమారు లక్షసార్లు కొట్టుకుంటూ, చివరి క్షణం దాకా సెలవు అడగని కండరం అది.

మూడూ ముఖ్యమే. కానీ మనం వాడుకుంటే నేరుగా బలపడేవీ, వదిలేస్తే కరిగిపోయేవీ మొదటి రకంవి. అందుకని వాటి సంగతే చూద్దాం.

కండరం ఎలా ఉంటుందో తెలియాలంటే మీ జడనే చూసుకోండి. వెంట్రుకలు కొన్ని కలిసి ఒక పాయ, పాయలన్నీ కలిసి జడ. కండరమూ అంతే. ఇంచుమించు వెంట్రుకంత సన్నటి పోగులు కొన్ని కలిసి ఒక కట్ట అవుతాయి. ఆ కట్టలన్నీ కలిసి, పైన ఒక పల్చటి పొర కప్పుకుని, కండరం అవుతాయి. జడ చివర రిబ్బను ముడి ఉన్నట్టు, కండరం చివర గట్టి తాడులాంటిది ఉండి ఎముకకి అతుక్కుంటుంది. పుస్తకాల్లో దాన్ని స్నాయుబంధనం అంటారు. మీ మడమ వెనక, పైభాగాన వేళ్ళతో పట్టుకు చూడండి, గట్టిగా తగులుతుంది. పిక్కని మడమకి కట్టి ఉంచే తాడు అదే.

ఇంకో విశేషం. కండరం లాగగలదే గాని తొయ్యలేదు. అందుకే ఇవి జంటలుగా ఉంటాయి. చెయ్యి మడిచినప్పుడు జబ్బ ముందువైపు కండ లాగుతుంది, వెనకవైపుది వదులవుతుంది. చాచినప్పుడు వెనకది లాగుతుంది, ముందుది వదులవుతుంది. ఒకరు లాగినప్పుడు ఇంకొకరు సడలాలి. సంసారమూ అంతేగా!

మరి కండరం పొట్టిదై ఎలా లాగుతుంది? రెండు దువ్వెనల్ని ఎదురెదురుగా పెట్టి, ఒకదాని పళ్ళ మధ్యకి రెండోదాని పళ్ళని జరపండి. ఏ దువ్వెన పన్నూ కురచ కాలేదు. కానీ రెండూ కలిసిన పొడవు తగ్గింది. ఒక్కొక్క కండపోగులోనూ ఇలాంటి అమరిక వేలకొద్దీ ఉంటుంది. ఆ పళ్ళు మాంసకృత్తులతో తయారైనవి. లావుపాటి దాని పేరు మయోసిన్, సన్నటి దాని పేరు ఆక్టిన్. ఇవి ఒకదానిలోకి ఒకటి జారతాయని 1954లో రెండు పరిశోధక బృందాలు వేరువేరుగా కనిపెట్టి ప్రకటించాయి.

ఈ జారడం ఊరికే జరగదు. బావిలో చేద తోడేటప్పుడు తాడు పట్టుకుని లాగి, వదిలి, మళ్ళీ పైన పట్టుకుంటాం కదా? మయోసిన్‌కి ఉన్న చిన్న చిన్న తలలు ఆక్టిన్‌ని అలాగే పట్టి లాగి, వదిలి, మళ్ళీ పడతాయి. మెదడు నుంచి నరం ద్వారా కబురు రాగానే, పోగు లోపల దాచి ఉన్న కాల్షియం బయటికొచ్చి "ఊఁ, కానివ్వండి" అంటుంది. అది మళ్ళీ తన అరలోకి వెళ్ళిపోగానే కండరం సడలుతుంది.

ప్రతి పట్టుకీ కొంత శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తిని అందించే పదార్థం పేరు ఏటీపీ. ఇక్కడ మన తెలుగువాళ్ళు గర్వించవలసిన మాట ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో బోస్టన్ వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, తన సహచరుడు సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే శక్తినిలవని కనుగొన్నారు. 1929లో ఏటీపీని కూడా కండరంలోంచి వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే ఆయనా విడిగా దాన్ని కనిపెట్టారు.

మన లెక్కలో చెప్పుకోవాలంటే, ఏటీపీ చేతిలో ఉన్న చిల్లర. రెండు మూడు క్షణాల్లో అయిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ పోపులపెట్టెలో దాచుకున్న డబ్బు. గబుక్కున ఆదుకుంటుంది గాని ఎంతోసేపు రాదు. ఆ తర్వాత బ్యాంకుకి వెళ్ళాల్సిందే. అంటే మనం తిన్న పిండిపదార్థాన్నీ కొవ్వునీ కరిగించి ఏటీపీ చేసుకోవాలి. భోజనం చేశాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా తీసుకునేవి కూడా కండరాలే. షుగరు వ్యాధి ఉన్నవాళ్ళని నడవమనీ, కండ పెంచమనీ డాక్టర్లు ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది కదా?

ఇక అసలు విషయానికి వద్దాం. శరీరం మహా పొదుపరి. వాడని గదిలో దీపం వెలిగించదు. కండ మీద బరువు పడుతుంటే పోగుల్లో కొత్త మాంసకృత్తులు చేర్చి లావు చేస్తుంది. బరువు పడకపోతే ఉన్నదాన్నే విప్పేసుకుంటుంది. మామూలుగానే ముప్ఫయ్యేళ్ళు దాటాక పదేళ్ళకి నూటికి మూడు నుంచి ఎనిమిది వంతుల కండ తగ్గుతుందంటారు. అరవై దాటాక ఇంకా త్వరగా తగ్గుతుంది. ఇక మంచాన పడితే చెప్పక్కర్లేదు. 2007లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, ఏ జబ్బూ లేని కొద్దిమంది పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచితే, ఒక్క కాళ్ళలోనే ఇంచుమించు కిలో కండ పోయింది. పది రోజులకే! మా అత్తయ్యగారిని నేను నెల్లాళ్ళు పడుకోబెట్టాను.

"ఇంటెడు చాకిరీ చేస్తున్నాం, ఇంకా వ్యాయామం ఎందుకు?" అంటారు మీరు. న్యాయమైన ప్రశ్నే. కానీ మన అమ్మమ్మల చాకిరీ వేరు. రోట్లో రుబ్బారు, తిరగలి విసిరారు, బిందెలు మోశారు. కూరలు తరగాలన్నా, వడ్డించాలన్నా, నేల మీదికి వంద సార్లు కూర్చుని లేచారు. మనకి మిక్సీ వచ్చింది, గట్టు వచ్చింది, డైనింగ్ టేబుల్ వచ్చింది, బాత్రూములో కూడా కుర్చీలా కూర్చునేది వచ్చింది. వాటిని వద్దనను, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి అవి వరాలు. కాకపోతే రోజంతా నిలబడి అలిసిపోతున్నామే గాని, తొడ కండకి మాత్రం పని చెప్పడం లేదు. అలసట వేరు, కండకి పని చెప్పడం వేరు.

మరి పోయిన కండ మళ్ళీ వస్తుందా? వస్తుంది! సుబ్బారావుగారు పరిశోధన చేసిన ఆ బోస్టన్‌లోనే, ఒక వృద్ధాశ్రమంలో జరిపిన ప్రయోగం 1990లో ప్రచురించారు. తొంభై ఏళ్ళ అటూ ఇటూ వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు, దగ్గరుండి, కాళ్ళతో బరువులు ఎత్తించారు. పూర్తిచేసిన తొమ్మిదిమందికీ కలిపి చూస్తే కాళ్ళ బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. ఇద్దరు చేతికర్ర మానేశారు. తొంభై ఏళ్ళకే పెరిగిన కండ నలభై ఆరుకి పెరగదా?

మా ఇంట్లో చేసింది చెబుతాను. గట్టి కుర్చీ గోడకి ఆనించి, దాని మీద రెండు దిళ్ళు వేశాం. ఎత్తు పెరిగితే లేవడం తేలిక. అత్తయ్యగారు మొదటిరోజు మూడుసార్లు లేచి కూర్చున్నారు. పది సార్లు సులువయ్యాక ఒక దిండు తీసేశాం, తర్వాత రెండోదీ తీసేశాం. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దింపడం, గోడకి చేతులు ఆనించి ఒళ్ళు ముందుకి వంచి వెనక్కి తోసుకోవడం, ఇవి మిగతా రెండూ. ఒకరోజు చేస్తే మర్నాడు విశ్రాంతి. ఎందుకంటే కండ పెరిగేది విశ్రాంతిలోనే. ప్రపంచ ఆరోగ్యసంస్థ కూడా వారానికి కనీసం రెండు రోజులు కండరాల్ని బలపరిచే వ్యాయామం చెయ్యమనే చెబుతోంది. ఒకటి రెండు రోజులు కాస్త సలిపితే కంగారుపడకండి. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. గుండెజబ్బు, రక్తపోటు, కీళ్ళ బాధ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి.

కండలు తిరిగి మగవాళ్ళలా అయిపోతామేమోనని భయం వద్దు. అంతంత కండలు పెంచే హార్మోను మన ఒంట్లో చాలా తక్కువ.

ఇంకొక్క మాట, మనలో మనం చెప్పుకునేది. దగ్గినా తుమ్మినా చీర తడుస్తుందని బాధపడే ఆడవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. కటి అడుగుభాగాన ఉయ్యాలలా ఉండే కండరాలు కాన్పుల వల్లా వయసు వల్లా సడలడం అందుకొక ముఖ్య కారణం. అవీ మన మాట వినేవే. వాటికీ వ్యాయామం ఉంది, చాలామందికి గుణం కనిపిస్తుంది. సిగ్గుపడకుండా లేడీ డాక్టర్ని అడగండి.

తిండి సంగతి చూద్దాం. ఇటుకలు లేకుండా గోడ లేవదు. కండకి ఇటుకలు మాంసకృత్తులు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం, కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి సుమారు యాభై గ్రాములు. గుడ్డులో సుమారు ఆరు గ్రాములు, పెద్ద గ్లాసు పాలలో ఎనిమిది, గుప్పెడు కందిపప్పులో ఆరేడు ఉంటాయి. మన పళ్ళెం చూసుకుందాం. కొండంత అన్నం, దాని మీద పల్చటి పప్పుచారు. అందరికీ వడ్డించాక మనకి మిగిలేది ఆ చారు కూడా కాదు, అడుగున ఆవకాయ! పప్పు గట్టిగా వండండి. పెసరట్టు, సెనగలు, పెరుగు, తినేవాళ్ళయితే గుడ్డు, చేప, ఇవి మీ వంతుకి కూడా ఉంచుకోండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పినంతే తినాలి.

మా అత్తయ్యగారు మూడో నెలకి కుర్చీలోంచి లేచారు. మరుసటి శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం నాడు, పీట మీద కూర్చుని కథంతా విన్నారు. హారతి వేళకి నేను అలవాటుగా చెయ్యి అందించబోయాను. "ఉండమ్మాయ్" అని, మోకాలి మీద చెయ్యి ఆనించి, నెమ్మదిగా తనే లేచారు. ఆ రోజు నుంచీ మంచినీళ్ళు ఆవిడే వంచుకుంటున్నారు. అప్పుడప్పుడూ నాకూ ఒక గ్లాసు ఇస్తున్నారు.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ పని లాగేసుకోకండి. చెయ్యగలిగింది చెయ్యనివ్వండి, పక్కన నిలబడండి. ఇక మీరు ఈ సాయంత్రం, పక్కన ఒక కుర్చీ పెట్టుకుని మరీ, నేల మీద కూర్చుని లేచి చూసుకోండి. చెయ్యి ఆనిందా? ఏం ఫరవాలేదు. రేపట్నుంచి మొదలుపెడదాం. నేనూ మొదలుపెట్టాను.

సెలవు.